అమ్మ లేని ఇంట్లో అక్కలకు ఒడిబియ్యం: ఎవరు పోయాలి, ఎంత పోయాలి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది

మీరు అడిగింది ఇది: మిర్యాలగూడ దగ్గర పల్లె, అమ్మ పోయి రెండేళ్లు దాటింది. అమ్మ మంచంలో ఉన్న ఆరు నెలలూ ఇద్దరు అక్కలు వంతులేసుకొని వచ్చి చూసుకున్నారు. ఆ రుణం మనసులో ఉంది గానీ ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. ఒడిబియ్యం, అంటే పెళ్లయిన ఆడబిడ్డ ఒడిలో పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం పోసే పద్ధతి, చేద్దామంటే అన్నీ అమ్మకే తెలుసు, మీ భార్యది గుంటూరు వైపు కాబట్టి ఆమెకు ఈ పద్ధతి కొత్త. పైగా చిన్నక్కకు భర్త లేడు. ఏడాదులు తప్పిపోయాయి, ఇప్పుడు పోయొచ్చా, ఎవరు పోయాలి, ఎంత పోయాలి?

పోయొచ్చు. అమ్మ లేనప్పుడు పోయాల్సింది మీరు, మీ భార్యే. తల్లి తర్వాత ఆ పని తమ్ముడు, మరదలు చేతుల్లోకే వస్తుంది. సంవత్సరీకం అయిపోయింది కాబట్టి ఆ అడ్డు లేదు. పెళ్లయిన మూడో ఏడు, ఐదో ఏడు, తొమ్మిదో ఏడు అని బేసి లెక్క చూసేవాళ్లు ఉన్నారు. నడుమ తప్పిందని మానేయాల్సిన పని లేదు, ఈ ఏడాది నడుస్తున్నది బేసి సంవత్సరమా అని మాత్రం చూసుకుంటారు. పెళ్లయిన ఏడాదిని ఒకటిగా లెక్కపెట్టండి. ఆషాఢం, పుష్యం వదిలేయండి. శ్రావణం మంచిది, బతుకమ్మకు ఎట్లాగూ పుట్టింటికి వస్తారు కాబట్టి దసరా కూడా కలిసొస్తుంది. అయితే బతుకమ్మ మొదలయ్యే రోజు, అంటే ఎంగిలిపూల నాడు అమావాస్య, ఆ రోజు పెట్టుకోకండి. ఆడబిడ్డను శుక్రవారం సాగనంపరు. శుక్రవారం పోసినా ఆ రాత్రి ఉంచుకొని మరునాడు పంపండి.

ఇక గుంటూరు అమ్మాయికి ఈ పద్ధతి తెలియకపోవడం పెద్ద ఇబ్బంది కాదు. చేయాల్సింది పావుగంటలో నేర్చుకోవచ్చు. మీ కష్టమంతా చిన్నక్క విషయంలోనే ఉంది, అందుకే అదే ముందు చెప్తాను.

ఒడిబియ్యం ముత్తయిదువలకే అని ఊళ్లో అంటారు. మీ ఇంటి పెద్దవాళ్లు కూడా అనొచ్చు. నా అభిప్రాయం దాచకుండా చెప్తున్నాను: ఆ బియ్యం పుట్టింటివి, ఆమె ఆ ఇంటి బిడ్డ, భర్త పోయినంత మాత్రాన ఆ లెక్క మారదు. ఇప్పుడు మన వైపు కొన్ని ఇళ్లల్లో భర్త లేని ఆడబిడ్డలకూ పోస్తున్నారు. అయితే నా అభిప్రాయం గానీ మీ అభిప్రాయం గానీ ఇక్కడ ముఖ్యం కాదు. నలుగురి ముందు పీట మీద కూర్చోవాల్సింది ఆమె. కాబట్టి ముహూర్తం పెట్టకముందే పెద్దక్క చేత ఆమెను ఒంటరిగా అడిగించండి. ఫోన్లో వద్దు, అందరి ముందు అసలే వద్దు. మీరు అడిగితే మొహమాటానికి "నాకెందుకురా, పెద్దక్కకు పోయండి" అంటుంది, మీరు అది నమ్మి ఊరుకుంటారు. పెద్దక్క అడిగితే అసలు మాట బయటికి వస్తుంది. అడిగేటప్పుడు "పోయమంటావా వద్దా" అని కాకుండా దారులు చూపించి అడగాలి:

ఒకటి, ఇద్దరికీ ఒకే రోజు, ఒకే తీరుగా పోయడం. రెండు, ఒడిలో పోయకుండా అవే బియ్యం, అంతే బియ్యం, అవే కుడుకలు (ఎండుకొబ్బరి చిప్పలు), చీర మూటగట్టి మీరు, మీ భార్య ఆమె చేతిలో పెట్టడం. మూడు, ఆ రోజు జనాన్ని పిలవకుండా ఇంటివాళ్లే ఉండి పోయడం. చాలామంది మూడోదానికి ఒప్పుకుంటారు. ఆమెను ఆపేది బియ్యం కాదు, చూసేవాళ్ల నోళ్లు.

బొట్టు, పూలు, గాజులు, పసుపు ఆమె ఇష్టానికి వదిలేయండి. తాంబాళంలో పెట్టి ముందుంచితే ఆమె తీసుకునేది తీసుకుంటుంది. చీర రంగు కూడా అడగండి. "ఆమెకు లేత రంగే బాగుంటుంది" అని మీరే అనుకొని తెల్లటిదో బూడిద రంగుదో తెచ్చారంటే, ఇద్దరు అక్కల చీరలు పక్కపక్కన పెట్టినప్పుడు ఆ తేడా ఎవరూ చెప్పకుండానే కనబడుతుంది. ధర కూడా రెండింటికీ ఒక్కటే ఉండాలి.

చేయకూడనిది ఒక్కటుంది. పెద్దక్క పీట మీద కూర్చుంటే చిన్నక్క వంటింట్లో గారెలు వేస్తూ ఉండటం. ఆమె ఏ దారీ వద్దన్నా సరే, ఆ పూట ఆమె వంటింట్లో ఉండకూడదు. అమ్మకు ఆరు నెలలు స్నానం చేయించిన చేతులవి. పెద్దక్కకు పోసేటప్పుడు మొదటి దోసిలి ఆమె చేతనే పోయించండి. ఇది ముందుగానే పెద్దక్కతో అనుకొని, పీట దగ్గరికి పెద్దక్కే పిలిస్తే ఎవరూ నోరెత్తరు.

ఇప్పుడు లెక్క. ఒక్కొక్కరికి ఐదుంబావు కిలోలు, అంటే 5 కిలోల 250 గ్రాములు. పాత లెక్కలో శేర్లు అనేవాళ్లు, ఇప్పుడు ఎక్కువ ఇళ్లల్లో కిలోలకు మారింది. ఎందుకు ఇదే సరిపోతుందంటే, ఐదుగురు ఆడవాళ్లు తలా ఐదుసార్లు పోస్తే ఇరవై ఐదు దోసిళ్లు. ఆడవాళ్ల దోసిలికి సుమారు రెండు వందల గ్రాముల బియ్యం పడతాయి. అంటే ఐదు కిలోలు, ఆ పైన పావు మిగులు. తొమ్మిది మంది వచ్చారంటే తలా మూడుసార్లు, దోసిలి కాస్త తగ్గించి పోయించండి. పిలిచినవాళ్లందరి చేత ఐదేసిసార్లు పోయిస్తే సగంలో బియ్యం అయిపోయి, అప్పుడు పసుపు కలపని బియ్యం తెచ్చి పోసే పరిస్థితి వస్తుంది.

నూకలు లేని బియ్యం తీసుకోండి. మీ పక్కనే మిర్యాలగూడ రైస్ మిల్లులు ఉన్నాయి కాబట్టి సాంబమసూరి గానీ తెలంగాణ సోనా గానీ పాతవి అడిగి తెచ్చుకోవచ్చు. పాతవి ఎందుకంటే ఈ బియ్యం తర్వాత అక్క వాళ్లింట్లో వండి నలుగురికి పెడతారు. కొత్త బియ్యమైతే పులిహోర ముద్దవుతుంది.

పసుపు కలపడంలో తప్పులు ఎక్కువ జరుగుతాయి. ఐదు కిలోలకు రెండు పెద్ద చెంచాల పసుపు, రెండు చిన్న చెంచాల నువ్వుల నూనె గానీ పల్లి నూనె గానీ చాలు. ముందు నూనె, పసుపు అరచేతిలో రుద్దుకొని, రెండు పిడికిళ్ల బియ్యానికి పట్టించి, ఆ తర్వాత మొత్తంలో కలపండి. నేరుగా కుప్ప మీద చల్లితే ఒకచోట ముద్దగా, ఇంకోచోట తెల్లగా ఉండిపోతాయి. నెయ్యి చలికాలంలో గడ్డకడుతుంది. నీళ్లు చల్లి కలపొద్దు. తడి బియ్యం మూటగట్టి రెండు రోజులు ఉంచితే ముక్కవాసన వస్తుంది, వానకాలమైతే బూజు పడుతుంది. కలిపాక గంటసేపు నీడలో బట్ట మీద ఆరబెట్టండి.

ఇంకా ముఖ్యమైనది: వంటకు వాడే పసుపే కలపాలి. పూజ సామాను దుకాణంలో దొరికే పసుపు ప్యాకెట్ల మీద చాలావాటికి "పూజకు మాత్రమే" అని రాసి ఉంటుంది. కుంకుమ సంగతీ అంతే, రంగు కలిపిన కుంకుమ కడుపులోకి పోకూడదు. ఈ బియ్యం వండుకొని తినేవి, అందులో చిన్నపిల్లలూ తింటారు. కుంకుమ బియ్యంలో కలపకుండా పళ్లెం అంచుకు, కుడుకకు బొట్టు పెడితే చాలు.

బియ్యంతో పాటు ఒక్కొక్కరికి ఐదు కుడుకలు, ఐదు పసుపు కొమ్ములు, ఐదు పోకలు, ఐదు ఖర్జూరాలు, ఐదు రూపాయి బిళ్లలు, తమలపాకులు పది. అన్నీ ఐదు ఎందుకంటే పోసే ఐదుగురిలో ఒక్కొక్కరు మొదటి దోసిలిలో బియ్యంతో పాటు ఒక కుడుక, ఒక కొమ్ము, ఒక పోక, ఒక ఖర్జూరం, ఒక బిళ్ల, రెండు ఆకులు పెట్టుకొని పోస్తారు. కుడుకలు కొనేటప్పుడు లోపలి వైపు వేలితో తుడిచి వాసన చూడండి. పైకి తెల్లగా ఉన్నా లోపల నల్లమచ్చ ఉంటే చేదు వస్తుంది.

కనుములు, అంటే రైక ముక్కలు, పోసిన ఆడవాళ్లకు తలా ఒకటి పెట్టి పంపుతారు. దుకాణంలో కట్టలుగా అమ్మే పల్చటి ముక్కలు ఎవరూ కుట్టించుకోరు, అవి ఇల్లిల్లూ తిరిగి మళ్లీ మీ ఇంటికే వస్తాయి. ఐదే కాబట్టి మీటరు చొప్పున మంచి టూ బై టూ కాటన్ కోయించండి.

చీర గురించి ఎక్కువ చెప్పను, అక్కల అలవాటు మీకే తెలుస్తుంది. రోజూ బడికో ఆఫీసుకో కట్టుకునేవాళ్లైతే నారాయణపేట కాటన్ హాయిగా ఉంటుంది. శుభకార్యాలకు దాచుకునేవాళ్లైతే గద్వాల, ఒళ్లు కాటన్, అంచు కొంగు పట్టు కాబట్టి పట్టుచీరంత బరువుండదు. పోచంపల్లి కొంటే రెండు వైపులా తిప్పి చూడండి, దారానికే రంగు అద్ది నేసిన చీరలో డిజైన్ వెనక కూడా దాదాపు అంతే స్పష్టంగా ఉంటుంది. అచ్చు వేసినదైతే వెనక వెలిసినట్టు ఉంటుంది.

పోసే తీరు ఇది. పొద్దున తలస్నానం, దీపం. అక్కను, బావను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి మీ భార్య కాళ్లు కడిగి పసుపు రాస్తుంది. మీరిద్దరూ బట్టలు పెడతారు, వాళ్లు కట్టుకొని వచ్చి కూర్చుంటారు. మోకాళ్ల నొప్పులుంటే పీట బదులు ఎత్తు తక్కువ కుర్చీ వేయండి, దానికేం దోషం లేదు.

చీర కొంగులోనే నేరుగా పోస్తే మూడు ఇబ్బందులు. పట్టు జారిపోతుంది, ఐదు కిలోల బరువుకు కుచ్చిళ్లు ఊడతాయి, నూనె పసుపు అంటిన మరక పట్టు మీద పోదు. అందుకే రెండు మీటర్ల కొత్త తెల్ల కాటన్ బట్ట గానీ పెద్ద కండువా గానీ నడుము చుట్టూ తిప్పి వెనక గట్టి ముడి వేయండి. ముందు భాగం ఊయలలాగా కిందికి వేలాడాలి. దాని మీద చీర కొంగు పరిచి, అంచులు రెండూ ఆమె చేతుల్లో పెట్టండి. కొంగుకూ బియ్యానికీ నడుమ ఒక రైకముక్క వేస్తే మరక అంటదు. పక్కన ఒక మనిషి ఒడి కింద చేయి పట్టి ఉండాలి. పోసేకొద్దీ బరువు పెరిగి ముడి వదులవుతుంది.

పోయడం అయ్యాక ఆమె ఒడితోనే లేచి దేవుని అర్రలోకి పోయి దండం పెట్టుకుంటుంది. మన వైపు చాలా ఇళ్లల్లో అక్కడ ఐదు పిడికిళ్లు పుట్టింటికి తీసిపెట్టి వస్తుంది. మీ భార్యకు ఇది ముందే చెప్పండి. తెలియకపోతే "ఇచ్చినవి తిరిగి ఇస్తున్నావేంటి వదినా" అని అడ్డుపడుతుంది. ఆ ఐదు పిడికిళ్లు మీ ఇంటి బియ్యం డబ్బాలో కలపాలి. పుట్టిల్లు చల్లగా ఉండాలని ఆమె పెట్టిపోయేవి అవి. ఆ తర్వాత ఒడి విప్పి బియ్యం కింద పెట్టకుండా స్టీలు డబ్బాలోనో కొత్త సంచిలోనో పోసి మూతిగట్టండి. బస్సులో పోయేవాళ్లకు డబ్బా మేలు, సంచి సీటు కింద నలిగి కుట్టు విప్పుకుంటుంది.

మీ అసలు ప్రశ్న కృతజ్ఞత ఎట్లా చెప్పాలని. మన ఇళ్లల్లో అక్కకు ఎవరూ థాంక్స్ చెప్పరు, చెప్పినా ఆమెకు పరాయిగా అనిపిస్తుంది. అయితే బియ్యం పోసినంత మాత్రాన ఆమెకు అర్థమవుతుందని కూడా అనుకోవద్దు. అమ్మ లేని ఇంటికి ఆడబిడ్డ వస్తే ఏం జరుగుతుందో గమనించండి. చెప్పులు విడవగానే వంటింట్లోకి పోతుంది. అల్లం వెల్లుల్లి ఎక్కడుందో మీ భార్య కంటే ఆమెకే బాగా తెలుసు కాబట్టి పని ఆమె చేతికే పోతుంది. తన ఒడిబియ్యం నాడు తానే పోలెలకు పూర్ణం రుబ్బుకునే ఆడబిడ్డలు ఎంతోమంది ఉన్నారు. ఆ రోజు ఇద్దరక్కలూ ఒక్క గిన్నె కూడా కడగకుండా చూడండి. అందుకు ముందురోజు సాయంత్రానికే పూర్ణం, పులిహోర పులుసు, గర్జెలు అయిపోవాలి. పొద్దుటికి అన్నం, పప్పు, గారెలే మిగలాలి. చేయలేకపోతే ముప్పై మందికి వంటమనిషిని పెట్టుకోండి. గారెల పిండి మాత్రం ఆ పొద్దున్నే రుబ్బాలి, రాత్రి రుబ్బింది పులిసి నూనె పీలుస్తుంది.

ఇంకొకటి, ఆ ఆరు నెలల్లో వాళ్లు పెట్టిన ఖర్చు. మందులు, ఆటోలు, డైపర్లు, రాకపోకల చార్జీలు. వాళ్లు అడగరు. మీరే కూర్చొని గుర్తున్నంత మేర రాసి, ఒడిబియ్యానికి నెల ముందో వెనకో వేరేగా ఇచ్చేయండి. ఆ రోజే చీర మీద కవరు పెట్టి ఇస్తే అది కూలి లెక్కలా కనబడుతుంది. వద్దంటే పిల్లల చదువు పేరు మీద వేయండి.

పిలుపు కూడా మీ పనే. అమ్మ ఉన్నప్పుడు "పండుగకు ఎప్పుడొస్తున్నవ్ బిడ్డా" అని ఆమె ఫోన్ చేసేది. ఇప్పుడు ఆ ఫోన్ ఎవరూ చేయకపోతే వాళ్లంతట వాళ్లు రావడానికి వెనకాడతారు. సంక్రాంతి, ఉగాది, దసరా, మూడు పండుగలకూ పది రోజుల ముందు మీ భార్య పెద్దక్కకు, మీరు చిన్నక్కకు ఫోన్ చేయండి. మరుసటి పండుగకు ఆమె చిన్నక్కకు, మీరు పెద్దక్కకు చేయండి. ఎప్పుడూ మీరే చేస్తే మరదలు పిలవలేదనే మాట మిగిలిపోతుంది.

భూమి కాగితాలను దీనికి ముడిపెట్టకండి. మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఆడబిడ్డలను పిలిచి, ఒడినింపి, చీర పెట్టి, భోజనాలయ్యాక "ఇక్కడ ఒక సంతకం పెట్టక్కా" అనడం మన జిల్లాల్లో చాలా ఇళ్లల్లో జరుగుతోంది. ఆ తర్వాత ఒడిబియ్యం అంటేనే వాళ్లకు భయం. తాతల నాటి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెప్తోంది, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్నే స్పష్టం చేసింది. నాన్నగారు సొంతంగా సంపాదించినది ఆయన బతికున్నంతవరకు ఆయన ఇష్టం. వీలునామా లేకుండా పోతే అందులోనూ అక్కలకు మీతో సమాన వాటా. వాళ్లు వదులుకుంటామన్నా, తీసుకుంటామన్నా ఆ మాట వేరే రోజు, బావల ముందు, తొందర లేకుండా జరగాలి.

చివరి పని అక్కల ఇళ్లల్లో ఉంది. ఒడిబియ్యం తీసుకుపోయినవాళ్లు వారం లోపు వండి, చుట్టుపక్కలవాళ్లను పిలిచి పెట్టుకుంటారు. ఎక్కువ రోజులు ఉంచితే నూనె పట్టిన బియ్యం కమటు వాసన వేస్తాయి. కిలో బియ్యం ఎనిమిది నుంచి పది మందికి వస్తుంది, ఐదు కిలోలంటే నలభై మందికి పైమాటే. అపార్ట్‌మెంట్‌లో ఉండే అక్కకు అంతమందిని పిలవడం కష్టమైతే రెండు కిలోలు ఆ రోజు వండి, మిగతావి వారం లోపలే ఇంట్లో వాడుకోమనండి. వండే ముందు బియ్యం పళ్లెంలో పోసి ఐదు బిళ్లలు, ఐదు కొమ్ములు, ఐదు పోకలు లెక్కపెట్టి తీయాలి. ఒక్కటి తగ్గినా మళ్లీ వెతకాలి, పోక అన్నంలో ఉడికితే నమిలినవాళ్ల పన్ను పోతుంది. మూడు నీళ్లు కడిగితే పసుపు తగ్గుతుంది, పులిహోరలో మళ్లీ పసుపు వేయాల్సిన పని ఉండదు. బెల్లం అన్నానికైతే బియ్యం పూర్తిగా మెత్తబడ్డాకే బెల్లం వేయాలి. ముందే వేస్తే మెతుకు గట్టిగా నిలిచిపోతుంది. పాలు పోసేవాళ్లు పొయ్యి ఆపి, కాస్త చల్లారాక బెల్లం పాకం కలపాలి, లేకపోతే విరుగుతాయి.

ఆ భోజనానికి మీరు వెళ్లండి, నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. చిన్నక్క ఇంటికి ముందు, పెద్దక్క ఇంటికి తర్వాత. పళ్లు సరిగా లేకపోతే ఆయన కోసం ఒక గిన్నె అన్నం మెత్తగా, గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి వేరుగా వండమని ముందురోజే ఫోన్ చేసి చెప్పండి.